మైసూరులో కల్లు

మా ఆళ్లగడ్డ సుబ్బరాయుడికి రాయి కనబడితే చేయి ఊరుకోదు. వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి ఆనించి వింటాడు. పెళ్లికి పోయినా అంతే, చావుకు పోయినా అంతే. మా చర్చికి కొత్త మెట్లు కట్టించి, ప్రతిష్ఠ ఆరాధనకు ఇరుగుపొరుగును కూడా పిలిచాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఈయన వెనక నుంచి టక్కుమని కొట్టి, "ఈ మెట్టు మూడేండ్లకు పగుల్తాది" అన్నాడు. నేను కళ్లు మూసుకునే కోపంగా చూశాను. మూడేళ్లు పట్టలేదు, రెండేళ్లకే పగిలింది. అప్పటి నుంచి పాస్టరుగారు ఆయన ఎదురైతే తనే ముందు నమస్కారం పెడతారు.

నా పేరు సలోమి. బండి ఆత్మకూరు పక్క పల్లెలో పుట్టాను. ఆళ్లగడ్డ హైస్కూల్లో ఇరవై రెండేళ్లు సోషల్ చెప్పి, పోయినేడాది రిటైరయ్యాను. సుబ్బరాయుడి ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఆయన శిల్పి. ఇరవై రెండేళ్లు నేను గడియారం అలారంతో లేవలేదు, ఆయన ఉలి చప్పుడుతోనే లేచాను. ఇప్పుడు నాకూ ఆ చప్పుడు పట్టుబడింది. గోడ ఇవతల పళ్లు తోముకుంటూనే ఈరోజు ఆయన వినాయకుడి బొజ్జ మీద ఉన్నాడా, తొండం దగ్గరికి వచ్చాడా చెప్పగలను.

ఆయనకు తొమ్మిదో ఏట వాళ్ల నాయన చేతికి ఉలి ఇచ్చాడు. ఇచ్చి, ఏడాది పాటు చెక్కనివ్వలేదు. రాళ్లు కొట్టి వినమన్నాడు. మంచి రాయి కంచులా మోగుతుంది, లోపల పగులున్నది పగిలిన కుండలా పలుకుతుంది. చెవికి చదువు రానిదే చేతికి పని చెప్పకూడదని ఆ ముసలాయన పద్ధతి. ఇప్పుడు మా ఊళ్లో మిషన్లొచ్చాయి. ఒకపక్క రాయి కోసే చప్పుడుకు చెవులు చిల్లులు పడుతుంటే, ఆ గోలలో కూడా సుబ్బరాయుడు రాతి మీదికి వంగి టక్కుమనిపించి వింటాడు. పక్కవాళ్లు నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు, కానీ వినడం మానడు.

ఈయన్ను బెలుం గుహలకు తీసుకుపోవడం నేను చేసిన మొదటి తప్పు. స్కూలు పిల్లల బస్సులో చోటుందని మొగుడూ పెళ్లాన్ని ఎక్కించుకున్నాను. అక్కడ సప్తస్వరాల గుహ అని ఒకటుంది, రాతిని తడితే ఒక్కోచోట ఒక్కో రకంగా మోగుతుంది. అరవై మంది పిల్లలు బయటికొచ్చి బస్సెక్కారు, సుబ్బరాయుడు రాలేదు. గైడు పోయి చేయి పట్టుకొని లాక్కొస్తే, "ఆ రెండోది శృతి తప్పినాదప్పా, రోంత చూసుకోండి" అని ఆ గైడుకే బాధ్యత అప్పగించి బస్సెక్కాడు.

ఇంతవరకూ చెప్పినదంతా ఆయన మంచి. ఇక దాచడమెందుకు, సుబ్బరాయుడు తాగేవాడు. బ్రాందీలూ విస్కీలూ కాదు, కల్లు. ముప్పై ఏళ్లు తాగాడు. "అది చెట్టు పాలు టీచరమ్మా" అనేవాడు. పాలు తాగిన మనిషి గోడ పట్టుకొని నడవడు కదా అంటే, "గోడ మంచి రాయిదా కాదా చూస్తాండా" అనేవాడు. మాటకు లోటు లేదు.

ఒకరోజు పొద్దున గోడ అవతల ఉలి ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్లీ మోగలేదు. పోయి చూస్తే అమ్మవారి విగ్రహం ముందు సుబ్బరాయుడు చతికిలబడి ఉన్నాడు. నాలుగు నెలల పని. ముక్కు కొన ఎగిరిపోయింది. ఆయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. అవి వణుకుతున్నాయి.

ఆయన భార్య నరసమ్మ ఆరోజు అరవలేదు. రోజూ అరిచే మనిషి అరవకపోతే నాకు భయమేసింది. "ఇంగొక్కసారి కల్లు ముట్టినావంటే దొర్నిపాడులో మా అన్న కాడికి పోతా. మల్ల రాను. పిల్చుకపోయేదానికి నువ్వూ రావద్దు" అంది. అంతే, లోపలికి పోయి బియ్యం ఏరుకుంది. నరసమ్మ అన్నది చేసే మనిషి. వాళ్ల ఆడబిడ్డ ఇంట్లో పప్పు గురించి ఎవరో ఏదో అన్నారని ఇక ఆ ఇంట తిననంది. పదకొండేళ్లయింది, ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ పప్పు సంగతి ఇప్పుడు వాళ్లకెవరికీ గుర్తు లేదు, ఆమెకు తప్ప.

సుబ్బరాయుడు మానేశాడు. పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ నరసమ్మ ఆయన్ను ఒంటరిగా గడప దాటనివ్వలేదు. అంగడికి పోయినా వెంట, రాయి చూడ్డానికి పోయినా వెంట, క్షవరానికి పోతే మంగలి షాపు బయట బెంచీ మీద. ఆయన చేతులు కుదురుకున్నాయి. ఆమె కళ్లు మాత్రం కుదురుకోలేదు.

మైసూరు ప్రయాణం నా బుర్రలో పుట్టిందే. ఇంట్లో ఊరికే కూర్చుంటే కాలు నిలవడం లేదు. సుబ్బరాయుడు చెక్కిన దేవుళ్లు లారీలెక్కి ఎన్ని ఊళ్లు చూశారో లెక్క లేదు, ఆయన మాత్రం నంద్యాల దాటి పోయింది వేళ్ల మీద చెప్పొచ్చు. మైసూరు దేశంలో రాతి బొమ్మల చెవులకు రాతి జూకాలే వేలాడతాయని వాళ్ల నాయన చెప్పాడట. అరవై ఒక్క ఏళ్లొచ్చాయి, ఇంకా చూడలేదు. "నాకు కన్నడం వచ్చు, నేను చూపిస్తా పదండి" అన్నాను.

ఈ కన్నడం సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు కన్నడం రాదు. కానీ రాయలసీమలో పుట్టినవాళ్లకు వచ్చునేమో అని ఒక అనుమానం ఉంటుంది చూడండి, అది నాకు గట్టిగా ఉంది. డబ్బులను దుడ్లనడం వాళ్లకూ మనకూ ఒకటే. బేగా అంటే అక్కడా త్వరగానే. ఇక తెలుగు మాటలకు అక్కడక్కడా కావాలంటే ఒక బేకు, వద్దంటే ఒక బేడ తగిలిస్తే కన్నడం కాక ఏమవుతుంది? ఇరవై రెండేళ్లు పిల్లలకు దక్షిణ భారత చరిత్ర చెప్పిన నోరు ఇది, ఆమాత్రం ధైర్యం ఉండదా.

నంద్యాల నుంచి బెంగళూరు బస్సు, అక్కడి నుంచి మైసూరు రైలు. శనివారం పొద్దున దిగాం. దిగగానే మల్లెపూల వాసన, కాఫీ వాసన ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. మాకు ముగ్గురికీ ఒకేసారి ఆకలేసింది.

హోటల్లో నేను మూడు వేళ్లు చూపించి దర్జాగా "మూరు చౌచౌబాత్ బేకు" అన్నాను. ఆ పేరు నేను రైల్లో పక్కావిడ దగ్గర నేర్చుకున్నాను. వచ్చింది చూస్తే ప్లేటులో ఒకపక్క ఉప్మా, ఇంకోపక్క కేసరి, రెండూ గుండ్రంగా భుజం భుజం ఆనించుకొని. నరసమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "ఇదేందక్కా, తీపిని కారాన్ని ఒకే మంచంలో పండబెట్టినారు" అంది. తర్వాత మాట్లాడకుండా తనది తిని, నా కేసరి కూడా తినేసింది. సాంబారు నోట్లో వేసుకొని మాత్రం చేత్తో నుదురు కొట్టుకుంది. అందులో బెల్లం ఉంది. వెంటనే సంచీలోంచి కారప్పొడి డబ్బా తీసింది. సర్వరుకు సరదా పుట్టి ఒక చిటికెడు అడిగి నోట్లో వేసుకున్నాడు. మనిషి ఎర్రబడి, నీళ్ల జగ్గు ఉన్న వైపు దారి వెతుక్కుంటూ పోయాడు. కాసేపటికి వంటాయన లోపలి నుంచి వచ్చి, ఆ పొడి చేసిన తల్లి ఎవరని అడిగాడు. నరసమ్మ లేచి నిలబడింది. ఆమెకు ఒక్క ముక్క కన్నడం రాదు, ఆయనకు ఒక్క ముక్క తెలుగు రాదు, ఇద్దరూ ఎండుమిరపకాయల గురించి పావుగంట మాట్లాడుకున్నారు.

ఇక మైసూర్‌పాకు. వెచ్చగా, నెయ్యి కారుతూ కాగితం మీద పెట్టిచ్చారు. సుబ్బరాయుడు దాన్ని అరచేతిలో పెట్టుకొని, వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అంగడి వాళ్లు పని ఆపి చూశారు.

"లోపలంతా చిల్లులే టీచరమ్మా. బొమ్మకు పనికి రాదు, నోటికి పనికొస్తాది" అని నాలుగు ముక్కలు తిన్నాడు. ఆరోజు మధ్యాహ్నం రాగి ముద్ద తెప్పిస్తే, "మన సంగటికి వీళ్లు ఇంగో పేరు పెట్టుకున్యారు, పాపం పోనీలే" అన్నాడు. ఊరు దాటితే మనవాళ్లకు ఎంత పెద్ద మనసొస్తుందో.

సాయంత్రం ఒక చిన్న హాల్లో వీణ కచేరీ ఉందంటే పోయాం. నాకు సంగీతం అంటే చర్చిలో కీర్తనలే, అవి కూడా నేను పాడితే పక్కవాళ్లు గొంతు పెంచుతారు. నరసమ్మ మొదటి పాటకే తల వాల్చింది. సుబ్బరాయుడు మాత్రం ముందు వరుసలోకి జరిగి, ఒక చెవి వీణ వైపు వంచి, నోరు తెరుచుకొని రెండు గంటలు కదల్లేదు. అయిపోయాక వాయించిన పెద్దావిడ దగ్గరికి పోయి దండం పెట్టి, వీణను చూపించి ఏదో చెప్పబోయాడు. కళ్ల వెంట నీళ్లొచ్చాయి. ఆవిడ ఏమనుకుందో, వీణ కుండ మీద చేయి పెట్టనిచ్చింది. ఈయన టక్కున కొట్టకుండా ఊరుకున్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే. అరచేయి ఆనించి పెట్టి, తీసేసుకున్నాడు.

బస దగ్గరికి నడుస్తూ, "ఇన్నేండ్లూ రాయి వింటి. కొయ్య కూడా ఇట్ల పలుకుతాదని నాకెవరూ చెప్పల్యా" అన్నాడు. నిద్రమత్తులో ఉన్న నరసమ్మ, "ఇప్పుడు చెప్పినారు గదా, నడువు" అంది.

ఆదివారం మ్యూజియానికి పోయాం. ప్యాలెస్‌కు కొంచెం అవతల, పాత రాతి విగ్రహాలు పెట్టిన పెద్ద బంగళా. లోపలికి పోగానే సుబ్బరాయుడు చిన్నపిల్లాడైపోయాడు. అదిగో జూకాలు. అదిగో రాతి గాజులు, చేయి తిప్పితే మోగేట్టున్నాయి. ఆయన బొమ్మను ముందు నుంచి చూడడు, ముందు వీపు చూస్తాడు. వీపు సరిగా చెక్కినవాడే నిజమైన పనివాడట. ఒక్కొక్క దేవత వెనక్కి పోయి వంగి చూస్తుంటే, వచ్చిన జనం ఈయన్ను చూడ్డం మొదలుపెట్టారు. కావలివాడు ముట్టుకోవద్దని సైగ చేశాడు. సుబ్బరాయుడు తన చేతులు రెండూ వెనక్కి పెట్టి, తువ్వాలుతో తనే కట్టేసుకున్నాడు.

నాకూ నరసమ్మకూ కాళ్లు పీకాయి. పక్క గదిలో పాతకాలం వంట సామాను పెట్టారు, అక్కడ బెంచీ ఉంటే కూలబడ్డాం. మనిషంత గంగాళం ఒకటి అద్దాల పెట్టెలో ఉంది, దాని మీద లైటు కూడా వేశారు. "మా దొర్నిపాడులో ఇంతకన్నా పెద్దది ఉండాది, గొడ్లకు కుడితి పెడ్తాం" అంది నరసమ్మ. ఒక దోశపెనం గురించి, ఒక ఇత్తడి చెంబు గురించి మా ఇద్దరికీ గట్టి వాదన నడిచింది. అది తేలేసరికి అరగంట పట్టింది. తిరిగి పోయి చూస్తే విగ్రహాలున్నాయి, సుబ్బరాయుడు లేడు.

నాలుగు గదులు తిరిగాం. లేడు. నరసమ్మ నడక మారింది. పద్నాలుగు నెలల్లో ఆయన ఆమె కంటికి కనబడకుండా ఉండడం అదే మొదలు. నేను కావలివాడి దగ్గరికి పోయి, తువ్వాలుతో చేతులు కట్టుకున్న మనిషని సైగలతో చెప్పి అడిగాను. అతను నవ్వుతూ చెప్పాడు:

"అవరా? కల్లు అంత కేళిదరు. హిందుగడె కర్కొండు హోదె."

నాకు ప్రతి మాటా అర్థమైంది. అదే నా ఖర్మ. కేళిదరు అంటే అడిగారు, హిందుగడె అంటే వెనకవైపు. కల్లుకు అర్థం వేరే చెప్పాలా?

"ఏమంటాడక్కా?" అంది నరసమ్మ.

నేను కాసేపు ఊరుకుని ఉండొచ్చు. ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. ఇరవై రెండేళ్లు తెలిసిన జవాబు వెంటనే చెప్పాలని పిల్లలను బాదిన నోరు ఊరుకోలేదు. "కల్లు అడిగినాడంట. ఈయప్పే వెనక్కి పిల్చుకపోయినాడంట" అనేశాను.

నరసమ్మ అరవలేదు. గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె బదులు నేను అరిచాను, అదీ నా కన్నడంలో. దేవుళ్ల బొమ్మలు పెట్టుకొని, మ్యూజియంలో కల్లు అమ్ముతారా, సిగ్గు బేడవా అన్నాను. అతను బిత్తరపోయాడు.

"మారోదిల్ల అమ్మా. బరీ నోడోదు" అన్నాడు. అమ్మము, ఊరికే చూడ్డమేనట.

"కల్లు చూసేదానికి ఎవరొస్తారప్పా" అన్నాను.

ఎవరైనా వస్తారట. ఫారిన్ వాళ్లు కూడా విమానాలెక్కి ఈ కల్లు కోసమే వస్తారట. తెరిచిన చేయి గదంతా తిప్పి, గర్వంగా, ఇక్కడి కల్లు సావిర వర్షాలదని చెప్పాడు. సావిర అంటే వెయ్యి, వర్షమంటే ఏడాది. నాకు తెలుసు కదా, అది కూడా తెలుసు. నరసమ్మకు చెప్పాను.

ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. "వెయ్యేండ్ల కల్లు తాగితే మనిషి బతుకుతాడా అక్కా" అంది.

నవ్వకండి. ఆ నిమిషంలో నాకూ నవ్వు రాలేదు. ఆమె "దొర్నిపాడుకు పోవల్లంటే యాడ బస్సు మారల్ల" అని అడిగింది. మొగుణ్ని వెతకడం గురించి కాదు, బస్సు గురించి. పెట్టె ఎక్కడ పెట్టామో కూడా అడిగింది. నేను తెచ్చాను వీళ్లను, నేనే తెచ్చాను, నా కన్నడంతో సహా. ముందు చూద్దాం పద అని ఆమెను లాక్కుంటూ వెనక తలుపు దాటాను.

వెనక ఒక పెద్ద దొడ్డి. ఎండ. గడ్డిలో విరిగిన స్తంభాలు, తలల్లేని నందులు, పడుకోబెట్టిన శాసనాల రాళ్లు. మధ్యలో ఆరుగురు మనుషులు గుంపుగా వంగి ఉన్నారు. వాళ్ల నడుమ సుబ్బరాయుడు మోకాళ్ల మీద కూర్చొని, ఒక చెంప రాతికి ఆనించి పెట్టుకున్నాడు. ఒంటి నిండా దుమ్ము. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వాడు, మరీ పెద్దగా నవ్వాడు.

ఆ ఎర్రటి కళ్లు, ఆ నవ్వు చూసి నరసమ్మ నా చేయి వదిలేసింది. గుంపును తోసుకుంటూ పోయి, ఆయన గడ్డం పట్టుకొని మొహం పైకెత్తింది.

"నోరు తెరువు."

ఆయన తెరిచాడు. ఆరుగురు ముందర, పక్కన నందులు చూస్తుండగా, ఆమె వంగి వాసన చూసింది. ఒకసారి చాలక ఇంకోసారి చూసింది. తర్వాత మెల్లగా గడ్డం వదిలి, "మైసూర్‌పాకు" అంది, ఎవరితో అంటున్నదో తెలియకుండా.

"పొద్దున రెండు తింటి" అన్నాడు సుబ్బరాయుడు, అది నేరమేమో అన్నట్టు. "ఏమే, ఏమాయె?"

"కల్లు కావల్లని అడిగినావంట" అన్నాను నేను.

"నేనా? వీళ్లే టీచరమ్మా. నేను ఒక బొమ్మను చూసి వేలితో అట్లా గాలిలో టక్కుమనిపిస్తి. అంతే, ఆ కావలాయప్ప వచ్చి కల్లు కల్లు అంటాడు. నేను దండం పెట్టి, వద్దు సామీ, మానేసినా, పద్నాలుగు నెలలాయె అంటి. వినడే. కల్లు, వెనక, రాండి అంటాడు."

గుంపులోంచి ఒక అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకొని ముందుకొచ్చింది. అక్కడ పనిచేసే ఆఫీసరట, పేరు నాగజ్యోతి, ఊరు బళ్లారి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నవ్వు ఆపుకోలేక ఆ అమ్మాయి మాట రెండుసార్లు తెగిపోయింది. "అమ్మా, కన్నడంలో కల్లు అంటే రాయి. ఇక్కడ మేమందరం కల్లు పని చేసేవాళ్లమే."

తను మిగతావాళ్లకు కన్నడంలో చెప్పింది. ఆరుగురూ విరగబడి నవ్వారు. కావలివాడు ఎప్పుడొచ్చాడో మా వెనకే వచ్చి, గోడ పట్టుకొని నవ్వాడు. వెయ్యేళ్ల కల్లు మాట నేనే చెప్పేశాను, ఇక ఆ దొడ్డిలో నిలబడి ఉన్నవాళ్లు లేరు. నాకు కూడా పొట్ట పట్టుకొని కూర్చోక తప్పలేదు. సుబ్బరాయుడి చెవి గురించి నాగజ్యోతి చెబుతుంటే సగం వినబడింది, సగం నవ్వులో పోయింది. ఈ పడున్న రాళ్లలో ఏవి నిలబెట్టొచ్చు, ఏవి లోపల పగిలినవో చూడ్డానికి రేపు మిషన్ తెస్తున్నారట. రేపు సోమవారం, సందర్శకులకు సెలవు. మిషన్ కంటే ముందు ఈయన చెవితో చెబితే, రెండూ కలుస్తాయేమో సరదాగా చూడాలని ఆ పిల్ల ఉబలాటం.

నవ్వనిది నరసమ్మ ఒక్కతే. ఆమె సుబ్బరాయుడి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒక్క మాట చెవిన పడితానే నమ్మేస్తి. నిన్ను నమ్మల్యా" అంది. "ఊరికి బస్సు కూడా అడిగితి."

సుబ్బరాయుడు చేతుల దుమ్ము దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"నువ్వు తప్పు చేయల్యా నర్సమ్మా. ఆయప్ప కల్లు అంటానే, నోరు మానేసినా అనింది. కాళ్లు మాత్రం ఆయప్ప ఎనకాలే లేసి వచ్చినాయి. నేను రమ్మనల్యా వాటిని. ఆ తలుపు దాటేదాకా నాకు నా మీద నమ్మకం ల్యా. దాటి చూస్తే రాళ్లు. రాళ్లను చూసి ఇంత సంతోషం నేను పుట్టి ఎరగను" అన్నాడు.

నాగజ్యోతి తల తిప్పుకొని స్తంభాల వైపు చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. నరసమ్మ తన కొంగు తీసి ఆయన మొహం మీది దుమ్ము తుడిచింది, కొంచెం గట్టిగానే తుడిచింది.

ఆ సాయంత్రం ప్యాలెస్ ముందు నిలబడ్డాం. ఆదివారం సాయంత్రాలు లైట్లు వేస్తారు. ఎక్కడో బ్యాండు మొదలైంది, డప్పులూ బూరలూ కలిసి ఒక్కసారి లేచాయి, అదే క్షణంలో ప్యాలెస్ అంతా బంగారంలా వెలిగింది. జనమంతా ఒకేసారి ఊపిరి లాగిన చప్పుడైంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. సుబ్బరాయుడు బ్యాండు వైపు చెవి వంచి, పెద్ద డోలు తోలు ఒదులైందని చెబుతున్నాడు. వినేవాళ్లెవరూ లేరు.

నరసమ్మ నా చెవిలో, "తాగల్యా తాగల్యా అని ప్రమాణాలు చేసేటోళ్లను చానామందిని చూస్తినక్కా. కాళ్లు పోయినాయని చెప్పేవాన్ని ఇప్పుడే చూస్తాండా" అంది. తర్వాత బ్యాండు మీద గొంతు పెంచి మొగుడితో అంది, "రేపు ఆ రాళ్ల కాడికి నువ్వొక్కనివే పో."

"నువ్వు రావా?"

"నాకేం పని ఆడ. నాకు రాళ్లు వినబడవు."

"దారి తెల్దే."

"అడిగి పో. కల్లు యాడ అని అడిగితే అందరూ చూపిస్తారు" అంది నరసమ్మ, అంతసేపటి తర్వాత నవ్వుతూ. ఆ నవ్వు మొదలైతే ఆగలేదు. మా ముగ్గురినీ చూసి పక్కన బెలూన్లమ్మే ఆమె కూడా నవ్వింది.

సోమవారం పొద్దున ఆయన ఒంటరిగా పోయాడు. వీధి మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. మేం చేయి ఊపాం. మధ్యాహ్నానికి వస్తానన్నాడు.

మేమిద్దరం దోశలు తినడానికి కూర్చున్నాం. పది దాటింది, పదకొండు దాటింది. మలుపు తిరిగి చాలా దూరం పోతే మ్యూజియం, కానీ ఆ దారిలో ఏమేం అంగళ్లున్నాయో నిన్న నేను సరిగా చూసుకోలేదు. ఆ ఊళ్లో నిజం కల్లు ఎక్కడ దొరుకుతుందో, దాన్ని కన్నడంలో ఏమంటారో కూడా నాకు తెలియదు. నేను నాలుగుసార్లు తలుపు వైపు చూశాను. ఐదోసారి మెడ తిప్పుతుంటే నరసమ్మ తన ప్లేట్లోంచి తల ఎత్తకుండా, "ఆడ ఏముందని చూస్తాండావక్కా, దోశ సల్లారిపోతాది" అంది.